ఇబ్రహీంపట్నంలో లైకులు అమ్మిన రోజులు

మా వీధి చివర ఈ మధ్య ఇద్దరు అమ్మాయిలు ఒక గది అద్దెకు తీసుకుని "డిజిటల్ మార్కెటింగ్" అని బోర్డు పెట్టారు. ఇద్దరూ ఇక్కడి కాలేజీలోనే చదువుకున్నారు. బోర్డు మీద రాకెట్ బొమ్మ ఉంది. ప్రారంభానికి నన్ను పిలిచి, శాలువా కప్పి, "పెద్దమ్మా, మీరు ఈ లైన్ల అందరికన్న ముందు దిగినోళ్లు. కొత్తగ దుకాణం పెట్టినోళ్లు ఏం తప్పులు చెయ్యొద్దో జర చెప్పరాదు" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపు ఒకమ్మాయి ఫోన్ నా ముఖం ముందు పెట్టి, ముప్పై సెకన్లలో చెప్పమంది.

నా తప్పులు ముప్పై సెకన్లలో పట్టవు. ఇంటికి వచ్చి రాయడం మొదలుపెట్టాను.

నా పేరు సుగుణ. బస్సు డిపో ఎదురుగా నాకు డీటీపీ సెంటర్ ఉండేది. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. హైదరాబాద్ పెరిగి పెరిగి మా దాకా వచ్చిన రోజులవి. సాగర్ రోడ్డు వెంట ఎకరాల్లో మాట్లాడే మనుషులు గజాల్లో మాట్లాడటం నేర్చుకున్నారు. వారానికొక కొత్త దుకాణం తెరిచేవారు. ప్రతి దుకాణానికీ ఒక కరపత్రం, ప్రతి కరపత్రంలో "మా వద్ద అన్ని రకములు లభించును". ఆ వాక్యాన్ని నేను ఎన్నిసార్లు టైపు చేశానో చెప్పలేను. కళ్లు మూసుకున్నా నా వేళ్లు దాన్ని టైపు చేసేవి.

తర్వాత కరపత్రం అందుకునే చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి. చేతులు ఖాళీ లేక జనం కరపత్రాలు తీసుకోవడం మానేశారు. నేనూ ఫోన్ కొన్నాను, నేర్చుకున్నాను, బోర్డు కింద ఒక వరుస చేర్పించాను: "ఇచ్చట ఫేస్‌బుక్ పేజీలు తయారు చేయబడును". దాని పక్కన "లామినేషన్" అని ముందునుంచీ ఉంది. దాంతో చాలామంది ఫేస్‌బుక్ పేజీని లామినేషన్ చేసి ఇస్తానని అనుకున్నారు. ఒకాయన నిజంగానే అడిగాడు కూడా.

అలా మొదలైంది.

బాతులు

నాకు వచ్చిన మొదటి పెద్ద పని ఒక ప్లాట్ల వెంచర్‌ది. దాని మేనేజర్ ప్రభాకర్ అనే ఆయన. చెడ్డవాడు కాడు. మాట తీపి, ఓపిక ఎక్కువ. అబద్ధం చెబుతున్నప్పుడు ఓపిక ఇంకా ఎక్కువ.

వెంచర్ ఊరికి కొంచెం లోపల ఉంది. ముందు కమాను కట్టారు. కమాను మీద రెండు ఏనుగులు. కమాను దాటితే ఎర్రమట్టి, తుమ్మచెట్లు, సున్నం కొట్టిన హద్దురాళ్లు. అంతకుమించి ఏమీ లేదు.

"సుగుణా, పేజీల మంచి బొమ్మ వెట్టాలె. చూడంగనే మనిషి బస్సెక్కాలె" అన్నాడు ప్రభాకర్.

నేను ఇంటర్నెట్‌లో వెతికాను. ఒక సరస్సు దొరికింది. దాని చుట్టూ తెల్లటి ఇళ్లు, పచ్చగడ్డి, సైకిల్ తొక్కుతున్న పిల్ల, నీళ్లలో నాలుగు బాతులు. ఏ దేశమో తెలియదు. కింద వెంచర్ పేరు పసుపు అక్షరాల్లో రాసి పెట్టాను. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆదివారం సిటీ నుంచి రెండు బస్సులు నిండా జనం వచ్చారు. వాళ్ల ఫొటోలు తీయడానికి నేనూ వెళ్లాను.

దిగిన వాళ్లలో రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన, ఆయన భార్య ఉన్నారు. ఆమె కమాను కింద నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని నలుదిక్కులా చూసింది. తర్వాత నేరుగా ప్రభాకర్ దగ్గరికి వచ్చింది.

"బాతులేవి బాబూ?"

ప్రభాకర్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. "అవి ఫేజ్ టూల వస్తయి మేడం."

"ఫేజ్ టూల బాతులు వస్తయా?"

"అవ్ మేడం. ఫేజ్ వన్ల రోడ్లు, ఫేజ్ టూల బాతులు."

బస్సులో వచ్చిన వాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు. భోజనాల దగ్గర నా పక్కకు వచ్చి కూర్చుంది.

"ఫోన్ల బొమ్మ వెట్టింది నువ్వేనా బిడ్డా?"

అవునన్నాను.

"నేను రైతు బిడ్డను. మట్టి చూసిన. ఎర్రది, మంచిగున్నది. తొవ్వ కూడ దగ్గరనే. గిదే చూపిస్తే మేం కొంటుంటిమి. బాతులు చూపిచ్చి తోలుకొచ్చిండ్రు. ఇప్పుడు గీ మట్టి కూడ అబద్ధమేనేమో అని శంక పడుతున్న."

వాళ్లు కొనకుండానే వెళ్లిపోయారు. ఆమె చెప్పింది సరిగ్గా అర్థం కావడానికి ఇంకో రెండు ఆదివారాలు పట్టింది. రెండుసార్లూ బస్సులు నిండుగా వచ్చాయి, దిగిన ముఖాలు మాత్రం కమాను దాటగానే మాడిపోయాయి. ఉన్న భూమిని చూసి సంతోషించాల్సిన వాళ్లు, లేని సరస్సు కోసం దిగులుపడి వెళ్తున్నారు. వాళ్ల చేతికి ఆ దిగులు ఇచ్చింది నేనే.

ఆ తర్వాతి వారం నా ఫోన్ తీసుకుని వెంచర్‌కు వెళ్లి ఉన్నదే తీశాను. ఎర్రమట్టి, బోరులోంచి పడుతున్న నీళ్లు, మెయిన్ రోడ్డు మలుపు, మలుపులో ఆగిన బస్సు. ఫోన్లు తగ్గాయి, రెండు బస్సుల జనం కాస్తా ఒక బస్సయ్యారు. కానీ ఆ ఒక్క బస్సులో వాళ్లు కమాను దగ్గర ఆగకుండా లోపలికి నడిచి, రాళ్ల మధ్య అడుగులు కొలుచుకున్నారు.

ప్రభాకర్‌కు ప్లాట్లు అమ్ముడుపోవడం నచ్చింది, పద్ధతి మాత్రం నచ్చలేదు. "సుగుణా, నువ్వు గిట్ల నిజం చెప్పుడు షురూ చేస్తే రేపు నేను నిజంగ బాతులు కొనుక్కరావాలె" అన్నాడు.

కొత్తగా వ్యాపారం పెట్టిన వాళ్లంతా ఇప్పటికీ ఈ తప్పు చేస్తారు. నిన్ననే ఒక టిఫిన్ సెంటర్ పేజీ చూశాను. దోసె పక్కన వెండి గిన్నెలో చట్నీ ఉంది. అక్కడ చట్నీని ప్లాస్టిక్ డబ్బాలోంచి గరిటెతో పోస్తారని ఊరందరికీ తెలుసు. ఆ చట్నీ చాలా బాగుంటుంది. ఆ డబ్బాను చూపించినా జనం వస్తారు.

యాదగిరి అన్న గిరాకీ

ఇది చెప్పడానికి నాకు కొంచెం సిగ్గు. అయినా చెప్పాలి.

మార్కెట్ దగ్గర యాదగిరి అన్న మిఠాయి దుకాణం పెట్టాడు. సకినాలు, గారెలు, లడ్డూలు. చేసేది ఆయన భార్య కళమ్మ, గల్లాలో కూర్చునేది ఆయన. ఎదురుగా ఇంకో మిఠాయి దుకాణం ముందునుంచీ ఉంది, దానికో పేజీ ఉంది. యాదగిరి అన్న రోజూ పొద్దున వచ్చి నా కంప్యూటర్లో ఆ దుకాణం పేజీ చూసేవాడు. ఆయన లడ్డూల గురించి ఎప్పుడూ అడగలేదు.

"వానికెన్ని లైకులున్నయ్ అక్కా? మనకెన్ని ఉన్నయ్?" ఇదే ప్రశ్న.

అప్పట్లో లైకులు అమ్మే వాళ్లు ఉండేవారు. ఇప్పుడూ ఉన్నారు. నేను ఎవరి ద్వారానో తెలుసుకుని కొని, యాదగిరి అన్నకు అమ్మాను. మర్నాటికి ఆయన పేజీకి వేలల్లో లైకులు వచ్చి పడ్డాయి. ఆయన ఆనందం చూడాలి. దుకాణం ముందు ఫ్లెక్సీ కట్టించాడు: "వేలాది మంది మెచ్చిన లడ్డూ". ఆ ఫ్లెక్సీ కూడా నేనే వేశాను.

దసరా వచ్చింది. పేజీలో మంచి ఫొటోతో ప్రకటన పెట్టాం. ఒక్కరూ అడగలేదు. దుకాణానికి రోజూ వచ్చేవాళ్లే వచ్చారు. రెండోరోజు కళమ్మ చేతులకు శనగపిండితోనే నా దగ్గరికి వచ్చింది.

"సుగుణా, గీ లైకులు కొట్టినోళ్లంత ఏడుంటరు? బొంగ్లూరు దిక్కా, మాల్ ఊరి దిక్కా? సకినాలు ఆడికే పంపుదామంటున్న."

నేను పేజీ తెరిచి పేర్లు చూపించాను. ఒక్క పేరూ చదవరాలేదు. ఏ భాషో ఇద్దరికీ తెలియలేదు. ఒకాయన ఫొటోలో మంచు మీద నిలబడి, తోలు టోపీ పెట్టుకుని ఉన్నాడు. కళమ్మ ఆయన్ని చాలాసేపు చూసింది.

"గీయన మన లడ్డు కొననీకి ఓడ ఎక్కాలె గదనే?"

అవునన్నాను.

"మరి గీయనకు లడ్డంటే ఏందో ఎర్కేనా?"

తెలియకపోవచ్చన్నాను.

"మరి ఏం మెచ్చిండు?"

అసలు నష్టం తర్వాత తెలిసింది. మనం పేజీలో ఏదైనా పెడితే, అది ముందు ఆ పేజీని లైక్ చేసిన వాళ్లలో కొందరికి కనిపిస్తుంది. వాళ్లు పట్టించుకుంటేనే ఇంకొందరి దాకా వెళ్తుంది. మా ప్రకటనలన్నీ ఆ మంచులో ఉన్న మనిషి దగ్గరికి వెళ్లి అక్కడే ఆగిపోయేవి. మార్కెట్ వెనక గల్లీలో ఉన్న మనిషికి చేరేవి కావు. ఆ పేజీని తీసేసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. కొత్త పేజీని మొదట లైక్ చేసింది నేను, రెండోది యాదగిరి అన్న బావమరిది. మూడోది చాలా రోజులు రాలేదు. ఫ్లెక్సీ విప్పేటప్పుడు యాదగిరి అన్న నా వైపు చూడలేదు.

దారి చూపించింది కళమ్మే. ఆమెకు ఫేస్‌బుక్ రాదు, వాట్సాప్‌లో స్టేటస్ పెట్టడం మాత్రం వచ్చు. మధ్యాహ్నం నాలుగింటికి గారెలు నూనెలోంచి తీసి జల్లెట్లో వేయగానే, ఒక ఫొటో తీసి, "ఇప్పుడే దించిన" అని గొంతుతో చెప్పి పెట్టేది. ఫొటో సగం పొగ. ఆమె ఫోన్లో ఉన్నవి చుట్టుపక్కల ఇళ్ల నంబర్లు, బడి టీచర్ల నంబర్లు, మండలాఫీసు గుమస్తాల నంబర్లు. ఐదింటికల్లా జల్లెడ ఖాళీ అయ్యేది.

నేను ఆమెకు సలహా ఇవ్వబోయాను: ఫొటో కొంచెం వెలుతురులో తీస్తే బాగుంటుందని. "వెలుతురుల తీసేసరికి చల్లగయితయ్" అంది. అప్పటినుంచి సలహాలు తగ్గించాను.

కోపాన్ని టైపు చేయకండి

సాదిక్ భాయ్ కొత్తగా చాయ్ హోటల్ పెట్టాడు. వాళ్లది తాతల నాటి నుంచి వ్యవసాయం, ఈయన మొదటిసారి ఊళ్లోకి వచ్చి వ్యాపారం పెట్టాడు. చాయ్ బాగా చేస్తాడు. దాని మీద మాట పడితే మాత్రం ఊరుకోడు.

ఒకరోజు ఎవరో పేజీలో రాశారు: "చాయ్ చల్లగా ఉంది. బిస్కెట్ మెత్తగా ఉంది." అంతే, రెండు వాక్యాలు. సాదిక్ భాయ్ ఎర్రబడిన ముఖంతో నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వు రాయ్. నేను చెప్తా."

ఆయన నిలబడి చెప్పాడు, నేను కూర్చుని టైపు చేశాను. "సార్, మీరు చాయ్ తాగనీకి వచ్చిండ్రా, ఫోన్ చూడనీకి వచ్చిండ్రా? గంట సేపు ఫోన్ చూస్కుంట కూసుంటే చాయ్ చల్లగ కాక గరమ్ అయితదా? బిస్కెట్ అరగంట నానవెడితే మెత్తగనే అయితది. తప్పు నా చాయ్ల లేదు, మీ హాజమాల ఉన్నది."

నేను హాజమా దగ్గర ఆగాను. "అరుగుదల అని మార్చనా భాయ్?"

"నై అక్కా. హాజమానే ఉండనియ్. జోర్ ఉంటది."

ఉంచాను. ఆ రోజు నేను చేసిన సవరణ ఒక కామా పెట్టడం మాత్రమే.

ఆ జవాబు ఊరంతా తిరిగింది. కాలేజీ పిల్లలు హోటల్‌కు వచ్చి, చాయ్ తాగి, "సాదిక్ భాయ్, మమ్మల్ని కూడ ఒకసారి తిట్టు" అని ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. ఆయన రెండు రోజులు గర్వపడ్డాడు. మూడోరోజు నుంచి కాలేజీ లెక్చరర్లు రావడం మానేశారు. రోజూ మధ్యాహ్నం ఎనిమిది మంది వచ్చి ఒకే బల్ల దగ్గర కూర్చునే వాళ్లు. ఆ రెండు వాక్యాలు రాసింది వాళ్లలో ఒకాయనట. నెమ్మదైన మనిషి, లెక్కలు చెబుతాడు. హోటల్ మొదలైన రోజు నుంచీ వస్తున్నాడు. బాగుపడాలని రాశాడు, ఊరంతా ఆయన హాజమా గురించి మాట్లాడుకుంది.

సాదిక్ భాయ్ వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. కోపం పోయింది. "ఇప్పుడేం రాద్దాం అక్కా?"

"ఏం రాయొద్దు భాయ్. పోయి కలువు" అన్నాను.

ఆయన ఫ్లాస్కు నిండా చాయ్ పోసుకుని కాలేజీ స్టాఫ్‌రూమ్‌కు వెళ్లాడు. లెక్కల సార్ ముందు గ్లాసు పెట్టి, "సార్, పట్టుకుని చూడుండ్రి. చెయ్యి కాలకపోతే హోటల్ బంద్ వెడత" అన్నాడట. సార్ పట్టుకుని వెంటనే వదిలేశాడట. స్టాఫ్‌రూమ్ అంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆ బల్ల మళ్లీ నిండింది.

ఆ తర్వాత ఎవరైనా కోపంతో వచ్చి రాయమంటే, ప్రింటర్ చెడిపోయిందని చెప్పేదాన్ని. పేజీలో రాయడానికి ప్రింటర్ ఎందుకని ఎవరూ అడగలేదు. తెల్లారి వచ్చినప్పుడు సగం మందికి ఏం రాయమన్నారో గుర్తుండేది కాదు.

అండాలు

ఇంతవరకు చెప్పినవి నవ్వుకునే తప్పులు. ఇది అలాంటిది కాదు.

ఊళ్లో ఒక డాక్టరమ్మ కొత్తగా పళ్ల దవాఖాన పెట్టింది. చిన్న వయసు, సిటీలో చదువుకుంది. చెయ్యి మంచిది. కానీ ఎవరికీ తెలియదు. పేజీ పని నాకు అప్పగించింది. వైద్యానికి ముందు, తర్వాత తీసిన ఫొటోలు ఇస్తూ, "మేడమ్, పళ్లు మాత్రమే కనిపించాలి. ముఖం వద్దు. ఎవరైనా సరే, వాళ్లను ఒక మాట అడిగే పెట్టండి" అని రెండుసార్లు చెప్పింది.

ఒట్టి పళ్ల ఫొటోలు రెండు వారాలు పెట్టాను. ఎవరూ చూడలేదు. పళ్లను ఎవరు చూస్తారు? ముఖం ఉంటే చూస్తారు. ఆ ఫొటోల్లో ఒకటి అండాలు అనే ఆమెది.

అండాలు మా డిపోలో కండక్టర్. నా దగ్గరికి జిరాక్సుల కోసం వచ్చేది. చిన్నప్పుడు తాగిన ఫ్లోరైడ్ నీళ్లకు ముందరి పళ్లన్నీ గోధుమరంగు మచ్చలు పడి, గరుకుగా ఉండేవి. మాట్లాడితే ఎడమ చెయ్యి నోటి మీదికి వెళ్లేది. కుడిచేత్తో టికెట్లు, ఎడమచెయ్యి నోటికి. డాక్టరమ్మ నెలపాటు పనిచేసి పళ్లకు తొడుగులు వేసింది. తర్వాత ఫొటోలో అండాలు నవ్వుతోంది. ఆ నవ్వును నేనే ఫోన్ దగ్గరికి తెచ్చుకుని మళ్లీ మళ్లీ చూశాను.

రెండు ఫొటోలూ, ముఖంతో సహా, పక్కపక్కన పెట్టాను. అడగలేదు. దవాఖానలో కాగితం మీద ఆమె సంతకం ఉంది కదా అనుకున్నాను. తెలిసిన మనిషే కదా అని కూడా అనుకున్నాను.

ఆ పోస్టుకు వచ్చినన్ని లైకులు నా పనిలో ఎప్పుడూ రాలేదు. ఒక్కటీ కొన్నది కాదు. అన్నీ మా చుట్టుపక్కల మనుషులవే. అందరూ ఆమె బస్సు ఎక్కేవాళ్లే.

మూడోరోజు మధ్యాహ్నం డ్యూటీ దిగి అండాలు వచ్చింది. ఖాకీ చొక్కా, భుజాన టికెట్ సంచి. నేను లేచి స్టూలు జరిపాను. థ్యాంక్స్ చెప్పడానికి వచ్చిందనుకున్నాను. నా తెలివి అంత.

"రా అండాలు, కూసో. చాయ్ తెప్పిస్త. నీ ఫొటోకు మస్తు లైకులొచ్చినయ్."

ఆమె కూర్చోలేదు. ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడింది. అప్పుడు చూశాను ఆ చెయ్యిని.

"సుగుణక్కా, గది నువ్వే వెట్టినవా?"

"అవ్. ఎందుకు, మంచిగ లేదా?"

"రోజు నేను బస్సుల తలకాయలు లెక్కవెడతా. మూడు దినాల నుంచి బస్సంత నా పళ్లు లెక్కవెడుతుండ్రు. 'ఏదక్కా, ఒక్కపారి నవ్వు' అంటుండ్రు. ఫోన్ తీసి పాతది, కొత్తది పక్కపక్కన చూస్తుండ్రు."

అప్పుడు నేనన్న మాట అనకుండా ఉంటే బాగుండేది. "దవాఖానల సంతకం వెట్టినవ్ గద అండాలు" అన్నాను.

"పళ్లకు వెట్టిన సంతకం. మొఖానికి వెట్టలే."

ఆమె టికెట్ సంచి భుజం మార్చుకుంది.

"గా పాత పళ్లు నా మొగుడు కూడ సక్కగ చూడలేదక్కా. పెండ్లయిన కాడికెళ్లి కొంగు అడ్డం వెట్టుకునే నవ్విన. డాక్టరమ్మ ఒక్కదానికే నోరు తెరిచి చూపిచ్చిన. నువ్వు ఊరికి చూపిచ్చినవ్."

ఆమె చూస్తుండగానే పేజీలోంచి ఫొటో తీసేశాను. తీసేయడం ఒక్క క్షణం పని. కానీ అప్పటికే అది గ్రూపుల్లోకి వెళ్లిపోయింది. డిపో వాళ్ల గ్రూపు, కాలనీ గ్రూపు, చీరల దుకాణం గ్రూపు. నాలుగు రోజులు దుకాణం మూసి ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లాను. గ్రూపు నడిపే పెద్దమనుషులు వింతగా చూశారు. "మంచిగనే ఉన్నది గదమ్మా, ఎందుకు తియ్యాలె?" అన్నారు. మీ ఫొటో కాదు కాబట్టి మంచిగ ఉంది అని చెప్పాలనిపించింది. నిన్నటిదాకా నేనూ వాళ్లలాగే అనుకున్నాను కాబట్టి చెప్పలేకపోయాను. చేతులు జోడించి తీయించాను. ఎంతవరకు పోయిందో, ఎవరి ఫోన్లలో మిగిలిందో ఇప్పటికీ తెలియదు.

డాక్టరమ్మ గట్టిగా అరవలేదు. "నేను రెండుసార్లు చెప్పాను మేడమ్" అంది. పేజీ పని నా దగ్గర నుంచి తీసేసుకుంది. సరైన పనే చేసింది. ఆమె స్వయంగా డిపోకు వెళ్లి, అందరి ముందూ అండాలుకు క్షమాపణ చెప్పింది. తప్పు తనది కాకపోయినా. నా వయసులో సగం ఉండే పిల్ల.

అండాలు అడిగి మహేశ్వరం వైపు బస్సుకు మారిపోయింది. "ఆడ నన్ను ఎవరు గుర్తువట్టరు" అందట. నా షాపు ముందు నుంచే బస్సు ఎక్కేది, ఇటు తిరిగేది కాదు.

కొన్ని నెలలు గడిచాయి. ఒకరోజు డాక్టరమ్మ నుంచి ఫోన్.

"మేడమ్, మహేశ్వరం వైపు మీరేమైనా ప్రకటన ఇచ్చారా?"

"లేదమ్మా. మీ పని నా దగ్గర లేదు గదా."

"మరి అటునుంచి ఆడవాళ్లు వస్తున్నారు. అందరికీ అలాంటి పళ్లే. ఎవరు చెప్పారంటే కండక్టరమ్మ చెప్పింది అంటున్నారు."

మర్నాడు పొద్దున ఆ బస్సెక్కాను. నిలబడటానికే చోటుంది. అండాలు టికెట్లు కొట్టుకుంటూ నా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏడికి?"

"మహేశ్వరం."

"ఏం పని?"

"నీతోని మాట్లాడే పని."

"డ్యూటీల ఉన్న. జరుగు ముందుకు."

జరిగాను. ఆమె చెయ్యి నోటికి అడ్డం లేదని చూశాను. ఒక ముసలామె మేకపిల్లను ఒళ్లో పెట్టుకుని, దానికి టికెట్ ఎందుకని తగువు పెట్టుకుంటే, అండాలు, "సీట్ల కూసుంటే కొట్టాలె, ఒళ్లె కూసుంటే వద్దు. దానికి చెప్పు" అని నోరారా నవ్వింది.

తర్వాత స్టేజీలో పాతికేళ్ల పిల్ల ఒకతె ఎక్కింది. చిల్లర ఇస్తూ ఏదో అడిగింది. అడిగేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అండాలు టికెట్ కొట్టి, చేతిలో పెట్టి, వంగి ఆ పిల్ల చెవిలో రెండు మాటలు చెప్పింది. ఆ పిల్ల తలెత్తి అండాలు నోటి వైపే చూసింది. అండాలు ఒక్క క్షణం, ఆ పిల్ల ఒక్కదానికే కనిపించేలా నవ్వి, "టికెట్, టికెట్" అంటూ వెనక్కి వెళ్లిపోయింది. బస్సులో ఇంకెవరికీ ఏమీ తెలియలేదు.

మహేశ్వరంలో దిగాక ఆమె దగ్గరికి వెళ్లాను. తప్పు చేశానని చెప్పాను. ఆమె తల ఊపింది. చిల్లర లెక్క చూసుకుని సంచి మూసింది. తిరుగు బస్సుకు ఇంకా టైముంది. ఇద్దరం బస్సు నీడలో నిలబడి చాయ్ తాగాం. ఉండబట్టలేక అడిగాను.

"గా పిల్లకు ఏం చెప్పినవ్ అండాలు?"

ఆమె గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది.

"నీకెందుకు చెప్పాలె? పేజీల వెడతవ్."

అని నవ్వుతూ బస్సెక్కింది.